పాత పోర్షే 914 కొని బాగుచేసుకోవడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పోర్షే 914లో ఇంజిన్ సీట్ల వెనకే, వెనక చక్రాల ఇరుసుకు ముందే ఉంటుంది. ఫోక్స్‌వాగన్, పోర్షే కలిసి తెచ్చిన ఈ రెండు సీట్ల కారు 1969 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో బయటికొచ్చి 1976 దాకా తయారైంది. నాలుగు సిలిండర్ల బళ్లను జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో కార్మన్ కర్మాగారం కట్టింది. మొత్తం 1,18,000 పైచిలుకు బళ్లలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. అందుకే కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఉంటూ, గరాజ్‌లో సొంతంగా పని చేసుకోగల పాత స్పోర్ట్స్ కారు కావాలనుకునే తెలుగువాళ్లకు ఇది అందుబాటులో ఉండే బండి.

మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి. 914లో ఇంజిన్ ఎంత పాడైనా బాగవుతుంది, విడిభాగాలూ దొరుకుతాయి. బాడీ కుళ్లితే మాత్రం కారు ధర కంటే రేకు పని ఖర్చే ఎక్కువవుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సిన వరుస ఇది: ముందు రేకు, తర్వాత పెట్రోలు గొట్టాలు, ఆ తర్వాత బ్రేకులు, ఆపైన ఇంజిన్. పవర్ పెంచే ఆలోచన చిట్టచివర. ఈ వరుస తప్పి ముందే కార్బ్యురేటర్లు, వెడల్పు చక్రాలు కొన్న బళ్లు సగంలో ఆగిపోయి అమ్మకానికి వస్తుంటాయి.

ఏ సంవత్సరం, ఏ ఇంజిన్

నాలుగు సిలిండర్ల బళ్లలో మూడు ఇంజిన్లున్నాయి. 1.7 లీటర్లది (1679 సీసీ, 80 హార్స్‌పవర్) 1970 నుంచి 1973 దాకా వచ్చింది. 1.8 (1795 సీసీ) 1974, 1975లలో, 2.0 (1971 సీసీ) 1973 నుంచి 1976 దాకా వచ్చాయి. 1.7కీ 2.0కీ ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే బాష్ డి-జెట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది, అమెరికాకు వచ్చిన 1.8కి ఎల్-జెట్రానిక్. ఈ రెండూ పనిచేసే తీరే వేరు, ఒకదాని భాగాలు ఇంకోదానికి పనికిరావు. ఆరు సిలిండర్ల 914/6 కేవలం 3,300 పైచిలుకే తయారైంది. దాని ధర, దాని లెక్క వేరు కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

గేర్‌బాక్స్ సంగతి చాలామంది మర్చిపోతారు. 1972 దాకా వచ్చిన బళ్లలో గేర్ రాడ్డు గేర్‌బాక్స్ తోక భాగంలోకి వెళ్తుంది. గేరు ఎక్కడ పడిందో చేతికి సరిగా తెలియదు. 1973 నుంచి రాడ్డు పక్క నుంచి వెళ్తుంది, గేర్లు చాలా తేటగా పడతాయి. నడపడానికి కొనేవాళ్లకు మా సలహా 1973 లేదా 1974 మోడల్ 2.0. దొరక్కపోతే, తుప్పు లేని 1.7 అయినా తుప్పుపట్టిన 2.0 కంటే వెయ్యి రెట్లు నయం.

ఛాసిస్ నంబరు చూడండి. నాలుగు సిలిండర్ల బండి నంబరు 47తో మొదలవుతుంది, మూడో అంకె మోడల్ సంవత్సరం, తర్వాత 29. అంటే 47329తో మొదలైతే అది 1973 మోడల్. ముందు అద్దం పక్కన స్తంభం మీదున్న పట్టీ నంబరూ, ముందు డిక్కీలో రేకు మీద కొట్టిన నంబరూ ఒకటే అయి ఉండాలి. ఇంజిన్ మీద అక్షరాలు కూడా రాసుకోండి: డబ్ల్యూ, ఈఏ, ఈబీ అయితే 1.7, ఈసీ అయితే 1.8, జీఏ, జీబీ, జీసీ అయితే 2.0. వెనక 2.0 అని బిళ్ల ఉండి లోపల 1.7 ఉన్న బళ్లు తక్కువేం కాదు.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బళ్లకు స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య తనిఖీ) ఉండదు. 1976 మోడల్‌కు ఉంటుంది. ఒక్క సంవత్సరం తేడాతో తలనొప్పి ఎంతో తగ్గుతుంది.

బండి చూడటానికి వెళ్లినప్పుడు

టార్చిలైటు, అయస్కాంతం, సన్నటి స్క్రూడ్రైవరు, కొలత టేపు, వీలైతే ఫోనుకు తగిలించే, సన్నటి రంధ్రాల్లోకి దూరే బోరోస్కోప్ కెమెరా తీసుకెళ్లండి. ఇంజిన్ స్టార్ట్ చేయమని అడిగే ముందు ఇంజిన్ మూత తెరిచి, కుడివైపు బ్యాటరీ కిందికి చూడండి.

ఈ కారు అసలు జబ్బు అక్కడే ఉంది. బ్యాటరీ ఇంజిన్ గదిలో కుడిపక్క, గాలి జాలీకి కిందే ఉంటుంది. వాన నీళ్లు జాలీలోంచి బ్యాటరీ మీద పడి, యాసిడ్‌తో కలిసి కిందికి కారతాయి. ముందు బ్యాటరీ ట్రే పోతుంది. తర్వాత దాని కింద ఇంజిన్ గది మూల, అమెరికా యజమానులు హెల్ హోల్ అని పిలిచే చోటు, తూట్లు పడుతుంది. అక్కణ్నుంచి యాసిడ్ వెనక సస్పెన్షన్ బిగించే కన్సోల్ మీదికీ, తలుపు కింద ముందు నుంచి వెనక దాకా వెళ్లే పెట్టె దూలంలోకీ దిగుతుంది. ఆ దూలాన్ని లాంగ్ అంటారు. 914కి పైకప్పు ఊడదీసేది కాబట్టి బాడీ బరువంతా మోసేది ఈ రెండు లాంగ్‌లే. పైగా హీటర్ వేడిగాలి కూడా వీటి లోపలి గొట్టాల్లోంచే ముందుకు వెళ్తుంది. తేమ లోపలే నిలిచి, బయట పెయింటు బాగున్నా లోపల్నుంచి రేకు తినేస్తుంది.

చూసే పద్ధతి ఇది. తలుపు కింది రాకర్ రేకు స్క్రూలు విప్పి తీయమని అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే బేరం మానుకోవడమే మంచిది. కుడివైపు జాకీ పెట్టే చోటూ, దాని వెనక త్రికోణపు మూలా స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టి రేకు టంగుమంటుంది. పుట్టీ పూసింది, ఫైబర్ అతికించింది మెత్తగా మోగుతుంది, అయస్కాంతం అంటదు. అంచుల్లో మళ్లీ వెల్డింగ్ చేసిన గుర్తులుంటే లోపలికి బోరోస్కోప్ పంపి చూడండి. కుళ్లిన లాంగ్ మీదే కొత్త రేకు కప్పి వెల్డింగ్ చేసిన బళ్లు చాలా ఉన్నాయి. అలాంటి పనికి బయటి నుంచి వంక పెట్టలేం, లోపల తుప్పు మాత్రం ఆగదు.

తర్వాత తలుపు సందు పరీక్ష. పైకప్పు తీసేసి వెనక డిక్కీలో పెట్టండి. నాలుగు చక్రాలూ నేల మీదుండగా తలుపు వెనక అంచుకూ స్తంభానికీ మధ్య సందు పైనా కిందా కొలవండి. ఇప్పుడు ఆ పక్కే జాకీ వేసి లేపి మళ్లీ కొలవండి. పైభాగంలో సందు రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ మారితే, తలుపు పట్టేస్తే, లాంగ్ బలం పోయినట్టే.

మిగతా చోట్లు త్వరగా చూడొచ్చు: ముందు అద్దం కింది అంచు, కార్పెట్ల కింద ఫ్లోరు, వెనక డిక్కీ మూలలు, సీట్ల వెనక స్తంభాల మీద అతికించిన వినైల్ కింద. వినైల్ ఉబ్బి ఉంటే కింద తుప్పున్నట్టే.

రేకు పని

ముందు యాసిడ్‌ను చంపాలి. బ్యాటరీ తీసి, నీళ్లలో వంటసోడా కలిపి ఆ మూలంతా పోయండి. నురగ రావడం ఆగేదాకా పోస్తూ, తర్వాత మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని చేయకుండా కొత్త రేకు వేస్తే రెండేళ్లలో కొత్త రేకూ పోతుంది.

లాంగ్‌కు కోత పెట్టే ముందు రెండు పనులు తప్పవు. ఒకటి, ఇంజిన్, గేర్‌బాక్స్ దించేయాలి. ఆ బరువు వెనక వేలాడుతుండగా దూలం కోస్తే బాడీ మధ్యలో వంగుతుంది. రెండు, తలుపు ఊడదీసి, హింజ్‌లుండే ముందు స్తంభానికీ లాక్ ఉండే వెనక స్తంభానికీ మధ్య ఇనుప పైపు బిగించాలి, రెండువైపులా. పొడవు సర్దుకునే టర్న్‌బకిల్ పైపు అయితే ఇంకా మేలు. బాడీని సమతలంగా స్టాండ్ల మీద కూర్చోబెట్టి, తలుపు సందులూ, తలుపు తెరిపిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఐమూల కొలతలూ కాగితం మీద రాసుకోండి. ప్రతి రోజూ పని మొదలెట్టే ముందు ఆ కొలతలు సరిచూసుకోండి. ఈ రెండూ వదిలేసి వెల్డింగ్ చేసిన బండికి తలుపు మళ్లీ సరిగా పడదు. తర్వాత సరిచేయాలంటే వేసిన రేకంతా కోసేయాల్సిందే.

లాంగ్ రేకు 914 కోసమే అచ్చుపోసినవి దొరుకుతాయి. అవే కొనండి, ఇంట్లో వంచిన రేకు వద్దు. తుప్పు రేకు ఎంత దాకా ఉందో అంత దాకా కోయాలి. అంచు మెరిసే గట్టి లోహం వచ్చాకే ఆగాలి. మిగ్ వెల్డింగ్‌కు 0.6 మి.మీ. తీగ వాడండి. ఒకే చోట పొడవుగా లాగకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క వేస్తూ పోవాలి, లేకపోతే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పడే అంచులకు వెల్డింగ్‌లో కాలిపోని జింక్ ప్రైమర్ పూయండి. అంతా అయ్యాక లాంగ్ లోపలికి పొడవాటి నాజిల్‌తో మైనం పిచికారీ చేయాలి. బయట ఎంత పెయింటు వేసినా లోపల ఇది లేకపోతే పనికి ఆయుష్షు లేదు.

కొత్త ట్రే మీద యాసిడ్ కారని ఏజీఎం బ్యాటరీ పెట్టండి. జాలీ కింద వాన నీటిని పట్టే ట్రే ఉందో లేదో, దాని గొట్టాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి.

పెట్రోలు గొట్టాలు

914లు తగలబడటానికి ప్రధాన కారణం ఇదే. ట్యాంకు ముందు డిక్కీలో, ఇంజిన్ వెనక. మధ్యలో, సీట్ల నడుమ పొడవునా వెళ్లే టన్నెల్‌లోంచి పెట్రోలు పంపే గొట్టం, తిరిగొచ్చే గొట్టం, రెండూ ప్లాస్టిక్‌వి. యాభై ఏళ్లలో అవి పెళుసెక్కి ముట్టుకుంటే విరిగేలా అవుతాయి. పైగా ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరిచి పగలగొడుతుంది. డి-జెట్రానిక్ గొట్టాల్లో ఒత్తిడి 2 బార్. చిన్న పగులు చాలు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యే బండి కొన్నా సరే, ఈ పని అయ్యేదాకా రోడ్డెక్కించకండి.

ప్లాస్టిక్ గొట్టాల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు వస్తాయి, ఈ కారు కొలతకే వంచి అమ్ముతారు. ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ తీసి, తలుపులన్నీ తెరిచి పని మొదలెట్టండి. చేతికందే దూరంలో అగ్నిమాపక సిలిండరు ఉండాలి. ఇంజిన్ దించినప్పుడే ఈ పని పెట్టుకుంటే టన్నెల్ వెనక నోరు బాగా అందుతుంది. సీట్లకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు రంధ్రాల్లో గ్రోమెట్లు (రబ్బరు వలయాలు) కొత్తవి వేయండి. గ్రోమెట్ లేకపోతే రేకు అంచు రాసుకుని స్టీలు గొట్టమైనా అరుగుతుంది, రబ్బరు గొట్టమైతే తెగిపోతుంది.

ఇంజిన్ మీద రబ్బరు గొట్టాలన్నీ, ఇంజెక్టర్ల దగ్గర చిన్న ముక్కలతో సహా, ఒకేసారి మార్చండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కోసం చేసిన జె30ఆర్9 రకం గొట్టమే కావాలి, కార్బ్యురేటర్ గొట్టం ఆ ఒత్తిడికి ఆగదు. క్లాంపులు కూడా అంచులు చుట్టిన ఇంజెక్షన్ రకమే. పళ్లున్న మామూలు క్లాంపు రబ్బరును కోస్తుంది.

1974 దాకా పెట్రోలు పంపు ఇంజిన్ గది దగ్గర కుడిపక్క, వేడిలో ఉంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. 1975లో కంపెనీయే పంపును ముందుకు, ట్యాంకు దగ్గరికి మార్చింది. మీరూ అలాగే మార్చండి. వేడి ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇది తప్పనిసరి.

బ్రేకులు

నాలుగు చక్రాలకూ డిస్కులే, బూస్టర్ లేదు. రబ్బరు హోసులు నాలుగూ మార్చండి. పాతవి లోపల వాచి, వెనక్కి రావాల్సిన ద్రవాన్ని ఆపేస్తాయి. చక్రం పట్టేసినట్టుంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కంటే ముందు హోసును అనుమానించండి. మాస్టర్ సిలిండర్ పెడల్ పలక ముందుంటుంది. అది కారితే ద్రవం కార్పెట్ కిందికి చేరి ఫ్లోరు తినేస్తుంది.

వెనక కాలిపర్ల విషయంలో మామూలు మెకానిక్‌లు కూడా తికమకపడతారు. చేతి బ్రేకు కూడా ఆ కాలిపర్‌లోనే ఉంది. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఖాళీ దానంతటది సర్దుకోదు, మీరే పెట్టాలి. రెండువైపులా 0.2 మి.మీ. అది ఎక్కువైతే పెడల్ లోతుగా పోతుంది, ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (గొట్టాల్లో గాలి తీసినా) గట్టిపడదు. గాలి ఉందేమోనని పదే పదే బ్లీడ్ చేసి విసిగిపోయి మాస్టర్ సిలిండర్ మార్చేస్తుంటారు. తప్పు అక్కడ లేదు.

1. కారు వెనక భాగం లేపి, చక్రాలు తీసి, చేతి బ్రేకు పూర్తిగా వదలండి. కేబుల్ సర్దే నట్లు వదులు చేసి, కాలిపర్ లివర్లు తమ ఆపు దాకా వెనక్కి వెళ్లాయో లేదో చూడండి.
2. బయటి వైపు 13 నంబరు లాక్ నట్ వదులు చేసి, మధ్యలోని స్క్రూను 4 మి.మీ. అలెన్ కీతో తిప్పండి. ఫీలర్ గేజ్ 0.2 మి.మీ. ఆకు ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య కాస్త రాసుకుంటూ దూరాలి. నట్ బిగించి మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు స్క్రూ జరుగుతుంది.
3. లోపలి వైపు చిన్న మూత తీస్తే అదే 4 మి.మీ. స్క్రూ కనిపిస్తుంది. అక్కడా 0.2.
4. పెడల్ పది పదిహేను సార్లు గట్టిగా తొక్కి, నాలుగు ఖాళీలూ మళ్లీ చూడండి. అప్పుడే కేబుల్ బిగించాలి.

స్క్రూ తిరగకపోతే బలవంతం చేయకండి. తల అరిగిపోతే కాలిపర్ విప్పి బాగుచేయించడం తప్ప దారి లేదు. చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. డాట్ 4 ద్రవం రెండేళ్లకోసారి మార్చండి.

ఇంజిన్: వేడే దీని శత్రువు

టైప్ 4 అనే ఈ ఇంజిన్ గాలితో చల్లబడుతుంది. ఫ్యాన్ పైనుంచి చల్లగాలి పీల్చి సిలిండర్ల మీదుగా కిందికి తోస్తుంది. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులూ, వాటికీ బాడీకీ మధ్య రబ్బరు సీలూ కలిసి పైగదిని కిందిగది నుంచి వేరు చేస్తాయి. ఆ సీలు చిరిగినా, ఒక రేకు లేకపోయినా, కింద ఎగ్జాస్ట్ వేడిగాలి పైకి తిరిగొచ్చి అదే గాలి మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. ఫలితం, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు వదులై ఊడటం, సిలిండర్ హెడ్‌లో ప్లగ్ రంధ్రానికీ సీటుకూ మధ్య పగులు రావడం. హెడ్లు ఖరీదైనవి, సీలు చవక. ఇంజిన్ గదిలోకి చూస్తే నేల కనపడకూడదు.

ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి 3.5 లీటర్లు, 20డబ్ల్యూ-50. ట్యాపెట్లు చదునైన రకం కాబట్టి జింక్, ఫాస్ఫరస్ ఎక్కువున్న ఆయిల్ కావాలి. ఇప్పటి కార్ల పలచటి ఆయిల్ పోస్తే వాల్వులను తెరిపించే కామ్ అరిగిపోతుంది. కింద ఆయిల్ జల్లెడ ప్లేటును పట్టే బోల్టును 13 న్యూటన్ మీటర్లకు మించి బిగించవద్దు. కారుతోందని ఇంకాస్త బిగిస్తే లోపల కేసింగ్ పగులుతుంది, అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. కారితే వాషర్ మార్చండి.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) 5,000 కిలోమీటర్లకోసారి చూస్తే హెడ్ల ఆరోగ్యం మీకే తెలుస్తుంది. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, అంచు మీద గాడి ఉన్న చోటికి రోటర్ వచ్చేదాకా ఇంజిన్ తిప్పండి. అది ఒకటో సిలిండర్. ఇన్‌టేక్ 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20 మి.మీ. పెట్టండి. రోటర్ పావు చుట్టు తిరిగేలా క్రాంక్‌ను అరచుట్టు తిప్పితే నాలుగో సిలిండర్, తర్వాత మూడు, తర్వాత రెండు. ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ ఖాళీ ప్రతిసారీ తగ్గిపోతుంటే ఆ వాల్వ్ సాగుతోందని అర్థం, ఇక దాన్ని నమ్మకూడదు. ఒక్కసారిగా బాగా పెరిగితే సీటు కదిలిందేమో చూడాలి. ఈ కొలతలు తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

హెడ్ల కింద నూనె కారుతుంటే ముందు పుష్‌రాడ్ గొట్టాల ఓ-రింగులు చూడండి. ఎనిమిది గొట్టాలు, పదహారు రింగులు. ఈ ఇంజిన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, రాకర్లు విప్పితే చాలు, హెడ్ తీయకుండానే గొట్టాలు బయటికి లాగొచ్చు. వైటాన్ రింగులు వేయండి. మామూలు రబ్బరు ఆ వేడికి గట్టిపడుతుంది.

డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల ఖాళీ 0.4 మి.మీ., అవి కలిసి ఉండే కోణం (డ్వెల్) 44 నుంచి 50 డిగ్రీలు. డి-జెట్రానిక్ బళ్లకు టైమింగ్ (ప్లగ్ నిప్పు వేసే సమయం) ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, పెట్టరు. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టాలు తీసి మూసి, 3,500 ఆర్‌పీఎం దగ్గర 27 డిగ్రీలు ముందుకు ఉండాలి. ఈ పని ఎప్పుడూ వాల్వులు, పాయింట్లు అయ్యాకే చేయండి.

డి-జెట్రానిక్‌ను పీకేయకండి

అర్థంకాక దీన్ని తీసి పారేసినవాళ్లే ఎక్కువ. ఇది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడినీ, ఇంజిన్ వేగాన్నీ చూసి పెట్రోలు ఇస్తుంది. కాబట్టి ఎక్కడైనా గాలి లీకైతే ఐడిల్ పెరుగుతుంది. 1.8లోని ఎల్-జెట్రానిక్ లోపలికొచ్చే గాలిని కొలుస్తుంది. దానికి లీకైతే మిశ్రమం పలచబడి బండి తడబడుతుంది, ఆయిల్ పోసే మూత కింద సీలు పోయినా చాలు.

పరీక్షించే వరుస: ముందు క్రాంక్‌కేస్ మీద ఎర్త్ వైర్లు గీకి శుభ్రం చేయండి. పెట్రోలు ఒత్తిడి 2 బార్ ఉందా చూడండి. హెడ్ ఉష్ణోగ్రత సెన్సర్ చాలా బళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓంలు చూపాలి. ఇంజెక్టర్ ఒక్కోటి సుమారు 2.4 ఓంలు. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఇంకో జత ట్రిగ్గర్ పాయింట్లు ఉంటాయి, ఒక్కోటి రెండు ఇంజెక్టర్లను నడుపుతుంది. రెండు సిలిండర్లే పనిచేస్తుంటే వాటిని కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. చివరగా ప్రెషర్ సెన్సర్‌కు చేతి పంపుతో సగం బార్ వాక్యూమ్ ఇచ్చి చూడండి. నిలవకపోతే లోపలి పలచటి రాగి పొర చీలిపోయింది. అప్పుడు బండి నల్లపొగ వదులుతూ పెట్రోలు తాగేస్తుంది. పొర మార్చి బాగుచేసేవాళ్లున్నారు. సెన్సర్ వెనక సీలు వేసిన స్క్రూను మాత్రం ముట్టుకోకండి. అది కంపెనీలో ఆ ఇంజిన్ కోసమే పెట్టిన అమరిక.

క్లచ్, గేర్లు, స్టార్టర్

క్లచ్ పెడల్ ఒక్కసారిగా నేలకు పడిపోయి, కేబుల్ మాత్రం తెగకుండా ఉంటే టన్నెల్ లోపల కేబుల్ గొట్టం వెల్డ్ ఊడినట్టు. టన్నెల్ పక్కన చిన్న కిటికీ కోసి గొట్టాన్ని తిరిగి వెల్డ్ చేయాలి. కేబుల్ ఎంత బిగించినా ఉపయోగం లేదు.

గేర్లు ఎక్కడున్నాయో తెలియడం లేదంటే గేర్‌బాక్స్‌ను తిట్టకముందు రాడ్డు ప్లాస్టిక్ బుష్‌లన్నీ మార్చండి. ఈ కారులో మొదటి గేరు ఎడమ కింద, రివర్స్ ఎడమ పైన. అరిగిన బుష్‌లతో మొదటికి బదులు ఇంకోటి పడటం మామూలే.

వేడెక్కాక స్టార్టర్ పలకకపోతే, ముందు గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ మార్చండి. అప్పటికీ పోకపోతే సోలినాయిడ్‌కు వెళ్లే సన్నటి వైరు మధ్య ఒక రిలే వేయండి. ఇగ్నిషన్ స్విచ్ గుండా అంత దూరం వచ్చేసరికి వోల్టేజి పడిపోవడమే కారణం.

ఇంజిన్ దించడం

ఇద్దరుంటే ఒక పూట పని. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి కింది నుంచే దిగుతాయి. బ్యాటరీ తీసి, ఎయిర్ క్లీనర్ పెట్టె తీయండి. ఇంజెక్షన్ వైర్లు ఒక్కోటీ ఎక్కడిదో టేపు మీద రాసి అతికించి విప్పండి. ఎడమపక్క రిలే బోర్డు ప్లగ్గు, యాక్సిలరేటర్ కేబుల్, పెట్రోలు గొట్టాలు, హీటర్ గొట్టాలు విప్పాలి. కింద క్లచ్ కేబుల్, గేర్ రాడ్డు, స్పీడోమీటర్ కేబుల్, స్టార్టర్ వైర్లు, ఎర్త్ పట్టీ, వెనక చక్రాల ఇరుసుల సీవీ జాయింట్లు. సీవీ బోల్టుల తలల్లో గ్రీజు, మట్టి సూదితో తీసేశాకే బిట్ పెట్టండి, లేకపోతే పళ్లు పోతాయి. జాకీని ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉంచి బరువు సరితూగేలా చూసుకోండి. ముందు ఇంజిన్ అడ్డ దూలానికి రెండు మౌంట్లు, వెనక గేర్‌బాక్స్‌కు రెండు. అవి విప్పి నెమ్మదిగా దించండి, రెండో మనిషి పైనుంచి వైర్లు ఎక్కడా పట్టుకోకుండా చూడాలి. కారును ఎంత ఎత్తాలో ముందే కొలవండి: ట్రాలీ మీద ఇంజిన్ ఎత్తుకు ఇంకో అయిదు సెంటీమీటర్లు.

దించినప్పుడు ఫ్లైవీల్ సీలు, ఆయిల్ కూలర్ సీళ్లు, క్లచ్ ప్లేటు, ఇంజిన్ రబ్బరు సీలు అన్నీ మార్చేయండి. మళ్లీ దించడం కంటే ఆ ఖర్చు తక్కువ.

ఇక మార్పులు

కారు కంపెనీ అమరికతో ఒక సీజన్ తిరిగాక మొదలెట్టండి. మొదట టైర్లు. పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటినవి గీతలు ఎంత లోతున్నా పనికిరావు. బరువు మధ్యలో ఉన్న బండి మలుపులో ఆలస్యంగా జారుతుంది, జారితే వేగంగా తిరుగుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం బయటికొస్తుంది. ఎండిన రబ్బరుతో అది మరీ ప్రమాదం. కంపెనీ కొలత 165 ఎస్ఆర్ 15, ఆ రిమ్ముల మీదే 195/65 ఆర్15 కూడా పడుతుంది. తర్వాత కొత్త షాక్ అబ్జార్బర్లు, ముందు యాంటీ రోల్ బార్. వెనక స్ప్రింగులు బాగా గట్టివి వేయాలంటే సస్పెన్షన్ కన్సోళ్లకు బలం పెంచాకే.

బ్రేకులకు బీఎమ్‌డబ్ల్యూ 320ఐ ముందు కాలిపర్లు వేసుకోవడం పాత అలవాటు. వాటి పిస్టన్లు పెద్దవి కాబట్టి కంపెనీ 17 మి.మీ. మాస్టర్ సిలిండర్‌తో పెడల్ లోతుగా పోతుంది, 19 మి.మీ.ది కూడా వేయాలి. దానికి కాలు కాస్త గట్టిగా నొక్కాలి.

ఇంజిన్‌కు అన్నిటికంటే తెలివైన మార్పు 2056 సీసీ. 2.0 క్రాంక్ 71 మి.మీ. అలాగే ఉంచి, 94 బదులు 96 మి.మీ. పిస్టన్లు, సిలిండర్లు వేస్తారు. పిస్టన్ పైకొచ్చినప్పుడు సిలిండర్ అంచుకు దాదాపు 1 మి.మీ. కింద ఉండేలా కొలిచి సర్దాలి. నెమ్మదైన కామ్ ఎంచుకుంటే డి-జెట్రానిక్ కూడా ప్రెషర్ సెన్సర్ సరిచేశాక దీన్ని బాగా నడుపుతుంది.

కార్బ్యురేటర్లే కావాలంటే జంట వెబర్ 40 ఐడీఎఫ్, 28 మి.మీ. చోక్‌లతో. వాటికి 0.2 నుంచి 0.25 బార్ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ పంపు అలాగే ఉంచితే సూది వాల్వ్ ఆగక పెట్రోలు పొంగి ఇంజిన్‌లోకి పోతుంది. పంపు కూడా మార్చాలి. కామ్ కూడా మార్చకపోతే ఖర్చుకు తగ్గ ఫలితం రాదు, ఎందుకంటే కంపెనీ కామ్ ఇంజెక్షన్ కోసం చేసింది.

సుబారు ఇంజిన్ వేసేవాళ్లూ ఉన్నారు. దానికి రేడియేటర్ ముందు డిక్కీలో పెట్టి, గాలి పోయే దారికి రేకు కోసి, నీటి గొట్టాలు వెనకదాకా లాగాలి. 914 గేర్‌బాక్స్ రెట్టింపు టార్క్‌కు చేసింది కాదు, లాంగ్‌లకు కూడా అదనపు బలం వెల్డ్ చేయాలి. బాడీ ఇప్పటికే పాడై, అసలు ఇంజిన్ పోయిన బండికైతే ఇది సబబు. నంబర్లు కలిసి, తుప్పు లేకుండా మిగిలిన 2.0ను మాత్రం కోయకండి. అలాంటివి ఏటేటా తగ్గిపోతున్నాయి. ఏ మార్పు చేసినా తీసిన పాత భాగాలన్నీ, ముఖ్యంగా ఇంజెక్షన్ కంప్యూటర్, ప్రెషర్ సెన్సర్, డిస్ట్రిబ్యూటర్, ఇంజిన్ చుట్టూ రేకులు, పేర్లు రాసి పెట్టెలో దాచండి. ఇంజిన్ మీద అక్షరాలకు సరిపోయే ప్రెషర్ సెన్సర్, కంప్యూటర్ జతగా దొరకడం ఇప్పుడు చాలా కష్టం.